పని కలిపితే చాలదు, సమానంగా కలపాలి

కృష్ణా పశ్చిమ డెల్టా సముద్రం వైపు వాలే చోట, బాపట్లకూ రేపల్లెకూ నడుమ పిట్టలవానిపాలెం మండలం ఉంది. రెండు తరాల కిందట ఇక్కడ పనిలో కలిసే మనుషులు దాదాపు అందరూ ఒకరికొకరు తెలిసినవాళ్లే. ఎవరి చేలోకి ఎవరు నాట్లకు వస్తారో, ఎవరి కళ్లంలో ఎవరు కుప్ప నూరుస్తారో ఊరందరికీ తెలుసు. ఇప్పుడు ఆ లెక్క మారిపోయింది. 2019 అక్టోబరు 2న మొదలైన గ్రామ సచివాలయాల్లో పంచాయతీ కార్యదర్శి, సర్వేయరు, ఏఎన్‌ఎం, వ్యవసాయ సహాయకుడు, మహిళా పోలీసు, డిజిటల్ అసిస్టెంటు ఒకే కప్పు కింద కూర్చుంటున్నారు. ఒక్కొక్కరిదీ ఒక్కో శాఖ, ఒక్కో ఊరు, ఒక్కో చదువు. బ్యాంకు శాఖల్లో ఉత్తరాది నుంచి వచ్చిన యువ అధికారులు పంట రుణాల కాగితాలు చూస్తున్నారు. కోస్తా తీరం వెంట రొయ్యల చెరువుల మీద, శుద్ధి కర్మాగారాల్లో ఒడిశా, బెంగాల్, అస్సాం నుంచి వచ్చినవాళ్లు పనిచేస్తున్నారు. ఈ ప్రాంతపు పిల్లలేమో బెంగళూరులోనో డాలస్‌లోనో తమిళుల పక్కన, పంజాబీల పక్కన, చైనావాళ్ల పక్కన కూర్చుని కంప్యూటర్ల ముందు పనిచేస్తున్నారు.

ఇంటివాళ్లతో కంటే ఎక్కువ పొద్దు గడిపే ఈ సాటి పనివాళ్లను మనం ఎలా తెలుసుకుంటాం? ఏళ్ల తరబడి పక్కనే ఉన్నా ఎందుకు తెలుసుకోలేకపోతాం? ఈ ప్రశ్నకు లోకంలో మూడు జవాబులు చెలామణీలో ఉన్నాయి. సంస్కృతుల తేడాలు ముందే చదువుకుంటే చాలన్నది మొదటిది. ఎవరి స్వభావం ఏమిటో పరీక్ష పెట్టి తేల్చుకుంటే చాలన్నది రెండోది. కొంతకాలం కలిసి పనిచేస్తే పరిచయం దానంతటదే పెరుగుతుందన్నది మూడోది. మూడింటిలోనూ కొంత నిజం ఉంది. కానీ మన తీరం చరిత్రనూ, ఈ డెబ్బై ఏళ్లలో జరిగిన పరిశోధననూ పక్కపక్కన పెట్టి చూస్తే తేలేది మరొకటి. మనుషులు సమాన స్థాయిలో, ఒకరి పని మరొకరికి అవసరమయ్యేలా, నేరుగా మాట్లాడుకునే వీలుతో పనిచేసిన చోటే నిజమైన పరిచయం పుట్టింది. అలాంటి చోటును కల్పించాల్సిన బాధ్యత కూడా అధికారం చేతిలో ఉన్నవాళ్లదే.

సంస్కృతి పట్టికలు ఎంతవరకు?

సంస్కృతుల తేడాలను కొలిచిన వాళ్లలో అందరికంటే ఎక్కువ పేరు గీర్ట్ హాఫ్‌స్టెడ్‌ది. ఈ డచ్ శాస్త్రవేత్త 1967-73 మధ్య ఐబీఎం సంస్థ దేశదేశాల్లోని తన ఉద్యోగుల దగ్గర సేకరించిన లక్షకు పైగా ప్రశ్నపత్రాలను విశ్లేషించి, 1980లో పుస్తకంగా ప్రచురించాడు. పెద్దా చిన్నా తేడాను ఎంతవరకు సహజమని ఒప్పుకుంటారు, మనిషి ముందా సమూహం ముందా, ముందేం జరుగుతుందో తెలియని స్థితిని ఎంత భరించగలరు వంటి కొలమానాలు పెట్టి దేశాలకు అంకెలు వేశాడు. అంతకు నాలుగేళ్ల ముందు, 1976లో, అమెరికన్ మానవశాస్త్రజ్ఞుడు ఎడ్వర్డ్ హాల్ మరో తేడా చెప్పాడు. కొన్ని సమాజాల్లో చెప్పదలచుకున్నదంతా మాటల్లోనే ఉంటుందట. మరికొన్నింటిలో ఎవరు, ఎవరితో, ఏ సందర్భంలో అన్నారన్న దాన్నిబట్టి అర్థం తెలుస్తుందట.

ఈ ఎరుక పనికిరానిది కాదు. మన కార్యాలయాల్లో పెద్ద అధికారి ఒక గడువు చెబితే, అది కుదరదని తెలిసినా చిన్న ఉద్యోగి తలూపుతాడు. మీరు చెప్పింది విన్నానని మాత్రమే ఆ తలూపుకు అర్థం. జర్మనీ నుంచో అమెరికా నుంచో ఫోనులో మాట్లాడే మేనేజరు దాన్ని ఒప్పుకోలుగా తీసుకుంటాడు. గడువు దాటాక ఇద్దరూ ఒకరినొకరు నమ్మదగనివాళ్లనుకుంటారు. ఇలాంటి చోట తేడా ముందే తెలిసి ఉంటే ఇద్దరికీ మేలు.

చిక్కు ఎక్కడంటే, దేశానికి వేసిన అంకె ఒక మనిషిని గురించి దాదాపు ఏమీ చెప్పదు. ఒకే సంస్థలో, అందులోనూ కొన్ని విభాగాల్లో పనిచేసే కొద్దిమంది ఉద్యోగుల జవాబులను ఒక జాతి మొత్తానికి ఎలా అంటగడతారని బ్రెండన్ మెక్‌స్వీనీ 2002లో గట్టిగా ప్రశ్నించాడు. ఆ ప్రశ్న మనకు ఇంకా దగ్గరిది. నిజాంపట్నంలో వేటకు వెళ్లే కుటుంబంలో పెరిగిన అమ్మాయికీ, తెనాలిలో వ్యాపారుల ఇంట పెరిగిన అబ్బాయికీ ఇండియా అన్న ఒకే అంకె ఎలా సరిపోతుంది? వాళ్లిద్దరి మధ్య దూరం బస్సులో కొద్ది గంటలే, కానీ అప్పును, ప్రమాదాన్ని, పెద్దల మాటను ఇద్దరూ చూసే తీరు వేరు. పట్టిక మొదటి ప్రశ్న అడగడానికి సాయపడుతుంది, జవాబు మాత్రం ఆ మనిషి దగ్గరే వినాలి.

స్వభావానికి వేసే ముద్రలు

సంస్కృతి తర్వాత స్వభావం. ఒకే ఊళ్లో, ఒకే ఇంట్లో పుట్టినవాళ్లలో ఒకరు వచ్చీరాగానే నలుగురినీ పలకరిస్తారు, మరొకరు ఆర్నెల్లయినా అడిగిందానికి జవాబు తప్ప మాట్లాడరు. దీన్ని తేల్చడానికి చాలా కంపెనీలు వాడే మైయర్స్-బ్రిగ్స్ పరీక్షను తయారుచేసింది అమెరికాకు చెందిన తల్లీకూతుళ్లు, కాథరిన్ బ్రిగ్స్, ఇసబెల్ మైయర్స్. కార్ల్ యూంగ్ 1921లో ప్రతిపాదించిన ఆలోచనలే దానికి ఆధారం. మనుషులను అది 16 రకాలుగా విడగొడుతుంది. ఇద్దరూ మనస్తత్వశాస్త్రంలో శిక్షణ పొందినవాళ్లు కారు. ఆ పరీక్షను కొన్ని వారాల తర్వాత మళ్లీ రాసినవాళ్లలో చాలామంది వేరే రకంలోకి మారిపోవడం దాని మీద ఉన్న పెద్ద విమర్శ. నేటి మనస్తత్వవేత్తలు ఎక్కువగా ఆధారపడేది అయిదు గుణాల లెక్క మీద. కొత్తదనం పట్ల ఆసక్తి, పనిలో క్రమం, కలుపుగోలుతనం, సర్దుకుపోయే గుణం, తొందరగా కలతపడే తత్వం అన్నవి ఆ అయిదు. ఇవి ఎవరిలోనైనా ఎక్కువ తక్కువలుగా ఉంటాయే తప్ప, మనిషిని ఒక గదిలో పెట్టి తాళం వేయవు.

కార్యాలయంలో జరిగే నష్టం ముద్ర దగ్గరే మొదలవుతుంది. నోరు విప్పని ఉద్యోగికి పొగరని పేరు పడుతుంది, గలగలా మాట్లాడేవాడికి పని రాదని పేరు పడుతుంది. ఒకసారి పేరు పడ్డాక తర్వాత జరిగే ప్రతిదీ దానికి సాక్ష్యంలా కనిపిస్తుంది. ఒక మనిషి మౌనానికి స్వభావమే కారణం కానక్కర్లేదు. భాష రాకపోవచ్చు, ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియకపోవచ్చు, పైవాడి నోటికి జడిసి ఉండవచ్చు. హార్వర్డ్ ఆచార్యురాలు ఏమీ ఎడ్మండ్‌సన్ 1990లలో ఆసుపత్రి బృందాలను పరిశీలించినప్పుడు, బాగా పనిచేస్తారని పేరున్న బృందాల్లోనే తప్పులు ఎక్కువగా నమోదై కనిపించాయి. లోతుగా చూస్తే తెలిసింది ఏమిటంటే, అక్కడ తప్పు జరిగితే చెప్పడానికి జనం భయపడటం లేదు. మిగతా చోట్ల తప్పులు దాచేస్తున్నారు. కాబట్టి ఫలానా ఆయన మాట్లాడడని తేల్చేముందు, ఆయన మాట్లాడగలిగే చోటును మనం ఉంచామా లేదా అని చూసుకోవడం న్యాయం.

పక్కపక్కన ఉండటం పరిచయం కాదు

కలిసి ఉంటే పరిచయం అదే వస్తుందన్న మూడో జవాబును పరీక్షించడానికి మన తీరం చరిత్రే చాలు. పిట్టలవానిపాలేనికి దగ్గరి రేవు నిజాంపట్నం. యూరపువాళ్ల పాత కాగితాల్లో దాని పేరు పేటపోలి. డచ్ వర్తకులు 1606లో అక్కడ దిగారు, 1611లో గ్లోబ్ అనే ఓడ మీద ఇంగ్లీషు కంపెనీవాళ్లు వచ్చారు. ఆ ఓడలో వ్యాపారం నడిపిన పీటర్ ఫ్లోరిస్ పుట్టుకకు డచ్ మనిషి, కొలువు ఇంగ్లీషువాళ్ల దగ్గర. అతని దినచర్య పుస్తకం 1934లో అచ్చయింది కూడా. చిరివేరు నుంచి తీసిన ఎర్రరంగు అద్దిన బట్ట కోసం ఈ తీరానికి వచ్చినవాళ్లకూ, ఆ బట్ట నేసి అద్దినవాళ్లకూ మధ్య దళారీలు, దుబాసీలు ఉండేవాళ్లు. వ్యాపారం తరాలపాటు సాగింది. కానీ నేతగాడికి వర్తకుడు, వర్తకుడికి నేతగాడు మధ్యవాడి మాటల్లోనే తెలిశారు.

మధ్యవాడి మీద నడిచే పని ఎంత ప్రమాదానికి దారితీస్తుందో 1930లో రంగూన్ రేవు చూపించింది. బర్మా అప్పటికి బ్రిటిష్ ఇండియాలో భాగం. రంగూన్ ఓడరేవులో సరుకు మోసేవాళ్లలో ఎక్కువమంది తెలుగువాళ్లు. వాళ్లను అక్కడ కొరంగీలనేవాళ్లు. మేస్త్రీలు ముఠాలుగా కట్టి తెచ్చిన కూలీలు ముఠాలుగానే బతికారు. ఆ ఏడాది మే నెలలో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టారు. ఓడల కంపెనీలు వాళ్ల స్థానంలో బర్మీయులను పనిలోకి తీసుకున్నాయి. సమ్మె పరిష్కారమై పాతవాళ్లు తిరిగి వచ్చిన మే 26న, కొత్తగా చేరిన బర్మీయులను పొమ్మన్నారు. ఆ పొద్దు రేవులో మొదలైన కొట్లాట నగరమంతా పాకింది. రోజుల తరబడి సాగిన హింసలో వందమందికి పైగా చనిపోయారు, చనిపోయినవాళ్లలో ఎక్కువమంది మనవాళ్లు. ఒకే రేవులో అన్నం వెతుక్కున్న రెండు జాతుల పేదలను యజమాని ఒకరి మీద ఒకరిని పోటీకి నిలబెట్టాడు. వాళ్లు కలిసి పనిచేయలేదు, ఒకరి కూలిని ఒకరు పోగొట్టారు.

ఇంత దూరం పోనక్కర్లేదు. తెనాలి పక్కనున్న చుండూరులో దళితులూ, వాళ్లు కూలికి వెళ్లే భూస్వాములూ తరతరాలుగా ఒకే చేలలో ఉన్నారు. ఒకరి పేరు ఒకరికి తెలుసు, ఒకరి తాతలు ఒకరికి తెలుసు. 1991 ఆగస్టు 6న ఆ ఊళ్లో ఎనిమిది మంది దళితులను చంపేశారు. చదువుకున్న దళిత యువకులు సమానంగా తలెత్తి తిరగడాన్ని సహించలేకపోవడమే ఆ ద్వేషానికి మూలం. దగ్గరితనం దానంతటది ఏమీ చేయదని చెప్పడానికి ఇంతకంటే బాధాకరమైన సాక్ష్యం మన జిల్లాలకు అక్కర్లేదు. ఎక్కువ తక్కువల మెట్లు అలాగే ఉంచి మనుషులను పక్కపక్కన నిలబెడితే, ఆ మెట్టే రోజూ గుర్తొస్తుంది.

చందమామ కార్యాలయం చెప్పేది

అదే తెనాలి నుంచి, అదే రేపల్లె ప్రాంతం నుంచి వెళ్లినవాళ్లు మద్రాసులో మరో రకం పనిచోటును నిలబెట్టారు. 1947 జులైలో తెలుగులోనూ తమిళంలోనూ మొదలైన చందమామకు నాగిరెడ్డితో కలిసి ప్రాణం పోసిన చక్రపాణి తెనాలి ఐతానగర్ మనిషి. క్షయ వ్యాధితో మదనపల్లె శానిటోరియంలో ఉన్న రోజుల్లో తోటి రోగి దగ్గర బెంగాలీ నేర్చుకుని, తర్వాత శరత్ బాబు నవలలను తెలుగులోకి తెచ్చాడు. పక్క మంచం మీది మనిషిని తెలుసుకోవడం ఒక సాహిత్యాన్నే మన ఇంటికి తెచ్చిపెట్టింది.

1952 నుంచి 1980లో చనిపోయేదాకా పత్రికను నడిపిన కొడవటిగంటి కుటుంబరావుదీ తెనాలే. ఆయన మార్క్సిస్టు, హేతువాది. నడిపిందేమో దేవతలూ దెయ్యాలూ బేతాళులూ ఉన్న పిల్లల పత్రిక. తోకచుక్క, మకరదేవత వంటి సీరియళ్లు రాసిన దాసరి సుబ్రహ్మణ్యం రేపల్లె తాలూకావాడు, ప్రచారానికి దూరంగా ఉండే మనిషి. ఆయన సీరియళ్ల మీద ఆయన పేరు కూడా ఉండేది కాదు. ఆ సీరియళ్లకు బొమ్మలు వేసిన చిత్ర, బేతాళ కథలకు విక్రమార్కుడి భుజాన శవాన్ని ఎక్కించిన శంకర్ తమిళులు. ఎంటీవీ ఆచార్య కన్నడిగుడు, వపాగా పేరుపడ్డ వడ్డాది పాపయ్య శ్రీకాకుళం నుంచి వచ్చినవాడు. తెలుగులో తయారైన కథ అనేక భాషల్లోకి వెళ్లేది. అందుకోసం ఆ భాషల ఉపసంపాదకులు ఒకే ప్రాంగణంలో పనిచేశారు.

ఈ కార్యాలయం రంగూన్ రేవుకు పూర్తి భిన్నం కావడానికి అందరూ మంచివాళ్లు కావడం కారణం కాదు. పని అమరికే వేరు. కథ లేకపోతే బొమ్మ లేదు, బొమ్మ లేకపోతే ఆ సీరియల్ పిల్లల మనసులో నిలవదు. తమిళ చిత్రకారుడి స్థానంలోకి తెలుగువాణ్ని తెస్తామన్న బెదిరింపు మీద ఆ పత్రిక నడవలేదు. ఎవరి విద్య వారిది, ఒకరి విద్య మరొకరికి కావాలి. నోరు విప్పని రచయితకు రాయడానికి చోటు, బొమ్మలు వేసేవాడికి గీయడానికి చోటు పైవాళ్లు ఉంచారు. నెలనెలా వచ్చే సంచిక అనే గడువు అందరిదీ. దశాబ్దాలు వాళ్లు కలిసి ఉండగలిగారంటే, ఆ అమరిక నిలిచినంత కాలమూ ఒకరి నేర్పును ఒకరు చూస్తూ ఉండే వీలుంది కాబట్టే.

పరిశోధన ఏమంటోంది?

ఈ తేడాను సిద్ధాంతంగా మొదట చెప్పినవాడు గోర్డన్ ఆల్‌పోర్ట్. 1954లో వచ్చిన పుస్తకంలో, వేర్వేరు సమూహాలు కలిసినప్పుడు ద్వేషం తగ్గాలంటే నాలుగు షరతులు కావాలన్నాడు. కలిసిన చోట సమాన స్థాయి, ఉమ్మడి లక్ష్యం, పోటీకి బదులు సహకారం, అధికారుల అండ. 2006లో పెటిగ్రూ, ట్రాప్ అనే ఇద్దరు 515 అధ్యయనాలను జల్లెడ పట్టి, కలయిక వల్ల సాధారణంగా ద్వేషం తగ్గుతోందనీ, ఈ షరతులు ఉన్నచోట ఇంకా ఎక్కువ తగ్గుతోందనీ తేల్చారు. అయితే 2019లో ఎలిజబెత్ పాలక్, మరో ఇద్దరు పరిశోధకులు గట్టి పద్ధతిలో జరిగిన ప్రయోగాలనే లెక్కిస్తే 27 మాత్రమే మిగిలాయని చూపించి, తొందరపడి గొప్పలు చెప్పవద్దని హెచ్చరించారు. ఆ హెచ్చరిక మంచిది. దాని చుట్టుపక్కల కాలంలో వచ్చిన ప్రయోగాలు మనకు మరింత దగ్గరివి.

ఉత్తరప్రదేశ్ పల్లెల్లో మాట్ లో అనే ఆర్థికవేత్త 1,261 మంది యువకులతో క్రికెట్ పోటీలు పెట్టాడు. కొందరిని వేరే కులాలవాళ్లతో కలిపి ఒకే జట్టులో ఆడించాడు, కొందరిని వాళ్లకు ఎదురుజట్టుగా ఆడించాడు. 2021లో ప్రచురించిన ఫలితం స్పష్టం. ఒకే జట్టులో ఆడినవాళ్లకు ఇతర కులాల్లో స్నేహాలు పెరిగాయి, సొంత కులానికి మొగ్గు చూపడం తగ్గింది. ఎదురుగా ఆడినవాళ్లలో స్నేహాలు తగ్గాయి. కలయిక ఒకటే, అమరిక మారితే ఫలితం తిరగబడింది.

కెన్యాలో పూలు ఎగుమతి చేసే ఒక కర్మాగారాన్ని జోనస్ హార్ట్ పరిశీలించాడు. అక్కడ ఒక మనిషి పూలు అందిస్తే ఇద్దరు వాటిని గుత్తులు కడతారు. పూలు అందించేవాళ్లు, తమ కూలి తగ్గినా సరే, తమ తెగ కానివాళ్లకు తక్కువ అందించారు. 2007 ఎన్నికల తర్వాత కికుయు, లువో తెగల మధ్య హింస చెలరేగినప్పుడు ఈ పక్షపాతం ఇంకా పెరిగింది. గుత్తులు కట్టే ఇద్దరికీ కలిపి కూలి లెక్కకట్టడం మొదలుపెట్టాక, ఆ ఇద్దరిలో తన తెగవాడి వైపు మొగ్గడం ఆగిపోయింది. 2014లో వచ్చిన ఈ అధ్యయనం చెప్పేది ఒక్కటే. బయటి ద్వేషం పని బల్ల దాకా వస్తుంది, కూలి లెక్కకట్టే పద్ధతి దాన్ని పెంచగలదు, తగ్గించగలదు.

శిక్షణ తరగతుల సంగతికొస్తే, అమెరికాలో ఎనిమిది వందలకు పైగా సంస్థల మూడు దశాబ్దాల వివరాలు పరిశీలించిన ఫ్రాంక్ డాబిన్, అలెగ్జాండ్రా కాలేవ్ 2016లో రాసిన వ్యాసంలో, బలవంతంగా కూర్చోబెట్టి చెప్పే వైవిధ్య పాఠాలు పెద్దగా మేలు చేయలేదన్నారు. అనుభవజ్ఞులను కొత్తవాళ్లకు తోడుగా ఉంచడం, వేర్వేరు విభాగాలవాళ్లను ఒకే పని మీద కూర్చోబెట్టడం పనిచేశాయి. ఏడాదికొకసారి అందరూ సంప్రదాయ దుస్తుల్లో వచ్చి ఫొటోలు దిగే పండుగ రోజు చూడముచ్చటగా ఉంటుంది. కానీ మిగతా మూడు వందల అరవై నాలుగు రోజులూ ఎవరి బల్ల దగ్గర వాళ్లే ఉంటే ఆ ఒక్క రోజు పరిచయం పెంచదు.

మన పనిచోట్లలో

మొదట చెరువు గట్టు. 2009లో వేనామీ రొయ్యకు అనుమతి వచ్చాక కోస్తాలో సాగు, దానితో పాటు శుద్ధి కర్మాగారాలు పెరిగాయి. రొయ్య తలలు తీసే, పొట్టు ఒలిచే పనికి ఒడిశా నుంచి, ఈశాన్యం నుంచి మహిళలు వస్తున్నారు. తెచ్చేది కంట్రాక్టరు, వసతి చూపేది కంట్రాక్టరు, చాలాచోట్ల కూలి చేతికిచ్చేదీ కంట్రాక్టరే. స్థానిక మహిళలు ఒక వరుస, వాళ్లు ఒక వరుస. రంగూన్‌లో మేస్త్రీ చేసిన పనే ఇక్కడ మరో పేరుతో జరుగుతోంది. అక్కడ పొట్టకోసం వెళ్లింది మనవాళ్లు, ఇక్కడికి పొట్టకోసం వస్తున్నది వాళ్లు. స్థానికులు సమ్మె అంటే వలసవాళ్లను దింపడం, వలసవాళ్లు కూలి అడిగితే స్థానికులను చూపడం సాగినంతకాలం ఈ రెండు వరుసల మధ్య నమ్మకం పుట్టదు. ఒకే పనికి ఒకే కూలి, నేరుగా చేతికో ఖాతాకో అందడం, రెండు వరుసలనూ కలిపి బృందాలు కట్టడం ఇక్కడ పరిచయానికి పునాది. ఆ తర్వాతే ఒడియా పాటలూ, రథయాత్ర విశేషాలూ అడగడానికి అర్థం ఉంటుంది.

తర్వాత బ్యాంకు. 1923లో భోగరాజు పట్టాభి సీతారామయ్య మచిలీపట్నంలో స్థాపించిన ఆంధ్రా బ్యాంకు, 1906 నాటి ఉడుపి వారసత్వమున్న కార్పొరేషన్ బ్యాంకు 2020 ఏప్రిల్ 1న ముంబయి కేంద్రంగా ఉన్న యూనియన్ బ్యాంకులో కలిశాయి. మూడు రకాల అలవాట్లు, మూడు రకాల ఫైళ్లు ఒకే కౌంటరు వెనక్కి చేరాయి. 2025 మే 1న రాష్ట్రంలోని నాలుగు గ్రామీణ బ్యాంకులు కూడా ఒకటయ్యాయి. దాంతో కడప, చిత్తూరు, గుంటూరు, ఉత్తరాంధ్ర సిబ్బంది ఒకే పేరు కిందికి వచ్చారు. ఒకే తెలుగు మాట్లాడేవాళ్లలోనూ యాస, మర్యాద, చొరవ వేరు. ఒకరి యాసను వెక్కిరించడం సరదాగా మొదలై, వెక్కిరింపుకు గురైనవాళ్లు సమావేశంలో నోరు మూసుకోవడంతో ముగుస్తుంది.

ఇక భాష రాని అధికారి. బీహార్ నుంచో రాజస్థాన్ నుంచో వచ్చి పల్లె శాఖలో చేరిన పాతికేళ్ల యువకుడికి, పంట రుణం పునరుద్ధరణకు వచ్చిన రైతు గోడు అర్థం కాదు. నడుమ తెలుగు గుమస్తానో, సబ్‌స్టాఫో చెప్పాలి. ఇక్కడా మధ్యవాడే. 2019 జులైలో గ్రామీణ బ్యాంకుల నియామక పరీక్షలను తెలుగుతో సహా 13 ప్రాంతీయ భాషల్లో పెడతామని కేంద్రం ప్రకటించడం మంచి అడుగు. అంతటితో ఆగకూడదు. చేరిన అధికారికి తెలుగు నేర్పడం బ్యాంకు బాధ్యత కావాలి, దానికి పని గంటల్లోనే సమయం ఇవ్వాలి. అతను తప్పుగా పలికినప్పుడు నవ్వకుండా సరిదిద్దడం తోటివాళ్ల బాధ్యత. అతనికి నేర్పే గుమస్తా ఆ కాసేపు గురువవుతాడు. కౌంటరు వెనక హోదాల దూరాన్ని తగ్గించడానికి అంతకంటే మంచి అవకాశం ఉండదు.

గ్రామ సచివాలయం సమస్య మరొకటి. అక్కడ భాష ఒకటే, వయసులూ దగ్గరే. కానీ ఒక్కొక్కరికి పైఅధికారి ఒక్కో శాఖలో ఉంటాడు, ఎవరి లక్ష్యాలు వాళ్లవి, ఎవరి యాప్ వాళ్లది. మా మండలంలోని చందోలు అయినా ఖాజీపాలెం అయినా, ఒకే గదిలో ఉన్న పదిమందికి ఉమ్మడి పని తక్కువ. ఒక వరద వచ్చినప్పుడో, తుపాను హెచ్చరిక వచ్చినప్పుడో మాత్రం ఏఎన్‌ఎమ్‌కు సర్వేయరు, సర్వేయరుకు మహిళా పోలీసు కావాలి. అలాంటి ఉమ్మడి పనులు ఏడాది పొడవునా ఉండేలా చూడటం మండల అధికారుల చేతిలో ఉంది. ఇంటింటికీ ఇద్దరిద్దరు చొప్పున, ప్రతిసారీ జతలు మారుస్తూ పంపడం ఖర్చులేని మార్గం.

అడగాల్సినవి, అడగకూడనివి

మన ప్రాంతంలో కొత్త మనిషిని తెలుసుకునే పద్ధతి ఒకటి బాగా పాతుకుపోయింది. మీదే ఊరు, ఇంటిపేరేమిటి, ఊళ్లో ఏ బజారు, ఫలానావాళ్లు మీకేమవుతారు అని అడుగుతూ పోతారు. మూడో ప్రశ్నకల్లా కులం తెలిసిపోతుంది. అడిగినవాడికి అది పలకరింపు, జవాబు చెప్పేవాడికి చాలాసార్లు అది విచారణ. కులం తెలిశాక క్యారియర్లు విప్పే బల్ల మారిపోయిన అనుభవం ఉన్నవాళ్లు మన కార్యాలయాల్లో తక్కువేమీ కాదు. ఈ అలవాటు సముద్రాలు దాటింది. భారతీయులు పెద్ద సంఖ్యలో పనిచేసే అమెరికా సాంకేతిక సంస్థల్లో కుల వివక్ష ఆరోపణలు వచ్చాయి. 2023 ఫిబ్రవరి 21న సియాటిల్ నగరం కుల వివక్షను చట్టంతో నిషేధించింది. అమెరికాలో ఆ పని చేసిన మొదటి నగరం అదే. సాటి ఉద్యోగిని తెలుసుకోవాలంటే ఇంటిపేరుతో మొదలుపెట్టడం మనం మానుకోవాల్సిన వాటిలో మొదటిది. ఏ పని ఇష్టం, ఈ పనిలో ఏది కష్టంగా ఉంది, ఎవరి దగ్గర నేర్చుకున్నారు అని అడిగితే మనిషి తెలుస్తాడు, పుట్టుక తెలియనక్కర్లేదు.

రెండోది, తెలుసుకోవడానికీ గుచ్చి గుచ్చి అడగడానికీ తేడా ఉంది. పెళ్లి, పిల్లలు, జీతం, మొక్కులు, తిండి గురించిన ప్రశ్నలు మన దగ్గర ఆప్యాయతగా చెలామణీ అవుతాయి. వాటి బరువు ముఖ్యంగా మహిళా ఉద్యోగుల మీద పడుతుంది. పని పనిగా చేసి ఇంటికి పోతాను, స్నేహాలు అక్కర్లేదు అనే మనిషికి ఆ హక్కు ఉంది. మాట్లాడని మనిషిని మాట్లాడించి తీరాలన్న పట్టుదల కూడా ఒక రకం దౌర్జన్యమే. సమాన గౌరవం ఇవ్వడానికి స్నేహం షరతు కాకూడదు.

కలిసి తినడం మాటేమిటి? అమెరికాలో అగ్నిమాపక కేంద్రాలను పరిశీలించిన కెవిన్ నిఫిన్ బృందం, కలిసి వండుకుని తినే సిబ్బంది పనిలోనూ మెరుగ్గా ఉన్నారని 2015లో రాసింది. తినడం వల్ల మెరుగయ్యారా, మెరుగైన బృందం కాబట్టి కలిసి తిన్నారా అన్నది ఆ లెక్క చెప్పలేదు. మన దగ్గర ఆ బల్లకు మరో బరువుంది. ఎండుచేపల కూర తెచ్చుకున్న మనిషిని దూరంగా కూర్చోబెట్టి, మనమంతా ఒకే కుటుంబం అనడం ఎవరినీ దగ్గర చేయదు. ఎవరి తిండి వాళ్లు ఎవరి పక్కనైనా తినగలిగే బల్ల ఉంటే చాలు.

మొదటి అడుగు ఎవరిది?

ఈ సాక్ష్యాలన్నీ ఒకవైపే చూపుతున్నాయి. సంస్కృతి గురించి చదవడం మంచిదే, స్వభావాల తేడాను ఓర్చుకోవడం అవసరమే. కానీ అవి రెండూ మనిషి మనసు మీద భారం పెట్టి, పని అమరికను వదిలేస్తాయి. కొత్తగా వచ్చినవాడినీ, తక్కువ కూలివాడినీ, భాష రానివాడినీ, నోరు లేనివాడినీ కలుపుగోలుగా ఉండమని చెప్పడం తేలిక. వాళ్లకు ఆ ధైర్యం ఇవ్వగలిగేది మాత్రం యజమాని, మేనేజరు, సీనియరు, స్థానికుడు. కూలి ఎలా లెక్కకట్టాలో, బృందాలు ఎలా కట్టాలో, సమావేశంలో మొదట ఎవరిని మాట్లాడనివ్వాలో, ఎవరి భాషను ఎవరు నేర్చుకోవాలో నిర్ణయించేది వాళ్లే.

పిట్టలవానిపాలెం నుంచి ఒక తరం బయటికి వెళ్తోంది, మరో ప్రాంతం మనుషులు ఈ తీరానికి వస్తున్నారు. డాలస్‌లో మన పిల్లలకు ఏ మర్యాద దక్కాలని కోరుకుంటామో, చెరువు గట్టు మీది ఒడియా కుటుంబానికీ, బ్యాంకులోని బీహారీ కుర్రాడికీ అది ఇక్కడ దక్కాలి. అందుకు పెద్ద ఖర్చేమీ లేదు. మధ్యవాణ్ని తప్పించి ఆ మనిషితో నేరుగా మాట్లాడాలి, ఒకే పనికి ఒకే విలువ కట్టాలి, అతని నేర్పు మనకు అవసరమయ్యే పనిని కలిసి చేయాలి. ఈ మూడూ చేసిన చోట ఎవరు ఎలాంటివారో చెప్పడానికి పట్టిక అక్కర్లేదు, కలిసి చేసిన పనే చెబుతుంది.